కావ్ అంటే గుహ కాదు: నేల కిందున్న చోట్లకు ఫ్రెంచ్‌వాళ్లు పెట్టుకున్న పేర్లు

పారిస్‌లోనో లియోన్‌లోనో సీటు వచ్చి ఇల్లు వెతుక్కుంటున్న మన పిల్లలకు అద్దె ప్రకటనల్లో పదేపదే తగిలే మాట ఒకటుంది: కావ్. "రెండు గదులు, 42 చదరపు మీటర్లు, మూడో అంతస్తు, కావ్ ఉంది" అని రాస్తారు. రాతలో చూస్తే ఇంగ్లిష్‌లో గుహకు రాసే అక్షరాలే అవి. మూడో అంతస్తు ఫ్లాట్‌కి గుహేమిటని కొందరు గాభరాపడతారు. ఇంకొందరు సెల్లార్ అనుకుంటారు. అది కాస్త దగ్గరే గానీ, హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా సెల్లార్ అంటే అపార్ట్‌మెంట్ కింద బళ్లు పెట్టుకునే చోటు కదా, అందుకని పార్కింగ్ కూడా వచ్చేసిందని సంబరపడిపోతారు. రెండూ కాదు.

ఇంటర్లో రెండో భాషగా ఫ్రెంచ్ తీసుకున్నవాళ్లకీ ఇక్కడ టెన్షనే, ఎందుకంటే నేల కిందుండే చోటుకి ఆ భాషలో ఒకటీ రెండూ కాదు, డజనుకు పైగా మాటలున్నాయి, పాఠ్యపుస్తకంలో వాటన్నిటికీ ఒకటో రెండో ఇంగ్లిష్ అర్థాలు ఇచ్చి వదిలేస్తారు. నా ఉద్దేశంలో ఈ చిక్కుముడి విప్పడానికి మూడు ప్రశ్నలు చాలు. కొన్ని మాటలు ఆ చోటు దేనికి వాడుతున్నారో చెబుతాయి, కొన్ని అది ఎక్కడుందో చెబుతాయి, మరికొన్ని అది ఎలా ఏర్పడిందో చెబుతాయి. కావ్ మొదటి రకం. అది వాడకాన్ని బట్టి వచ్చిన పేరు, లోతుని బట్టి కాదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మిగతాదంతా దారిలో పడుతుంది. (ఫ్రెంచ్ మాటల్ని ఇక్కడ పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను.)

అపార్ట్‌మెంట్ కింద తాళం వేసుకునే చిన్న గది

పారిస్‌లో పాత భవనాల పక్కన నడుస్తున్నప్పుడు గోడ అడుగున, మన చీలమండ ఎత్తులో, ఇనప ఊచలో చిల్లుల రేకో బిగించిన చిన్న కంతలు కనబడతాయి. వాటిని సూపిరాయ్ అంటారు. కింద ఉన్న కావ్‌లకు గాలీ కాస్త వెలుతురూ వచ్చేది అక్కణ్ణుంచే. లోపలికి వెళ్లాలంటే మెట్ల పక్కన ఒక ఇరుకు తలుపు, దాని వెనక ఇంకా ఇరుకు మెట్లు, దిగాక ఒక నడవా. నడవాకి రెండు వైపులా చెక్క తలుపులు, ఒక్కో తలుపు మీద ఒక్కో నంబరు, ఒక్కో తాళం. చాలాచోట్ల కింద గచ్చు ఉండదు, దిమ్మిస చేసిన మట్టినేలే. స్విచ్ నొక్కితే లైటు కాసేపు వెలిగి దానంతటదే ఆరిపోతుంది, మళ్లీ తడుముకుంటూ వెళ్లి నొక్కాలి.

ఆ గదుల్లో ఏముంటాయంటే, సైకిళ్లు, సూట్‌కేసులు, పాత పుస్తకాల పెట్టెలు, చలికాలం సామాన్లు, ఒకప్పుడైతే బొగ్గు, ఇప్పటికీ వైన్ సీసాలు. ఇది కావ్ అసలు అర్థం: ఇంటి కింద, సామాను దాచుకోవడానికి తవ్వి కట్టుకున్న గది. అందులో ఎవరూ కాపురం ఉండరు, బండీ పెట్టరు. తెలుగులో దీనికి దగ్గరి మాట నేలమాళిగ. పనిని బట్టి చూస్తే మన పల్లెల్లో ధాన్యం దాచిన పాతర ఇంకా దగ్గరి చుట్టం, కాకపోతే పాతరని నింపి పైన మూసేసేవాళ్లు, కావ్‌లోకి రోజూ దిగి ఎక్కొచ్చు.

ఉమ్మడి యాజమాన్యంలో ఉన్న ఫ్రెంచ్ భవనాల్లో చాలాచోట్ల కావ్‌కి ఫ్లాట్‌తో సంబంధం లేకుండా సొంత నంబరు ఉంటుంది. భవనం నిబంధనలు ఒప్పుకుంటే దాన్ని విడిగా అమ్ముకోవచ్చు కూడా. అందుకే ప్రకటనలో "కావ్ ఉంది" అని ప్రత్యేకంగా రాస్తారు. అద్దెకు దిగేవాళ్లు దాని నంబరు ఒప్పందంలో ఉందో లేదో, తాళం చేతికి వచ్చిందో లేదో చూసుకునేది ఇందుకే.

"అటకెక్కి పాతాళం దాకా వెతికాం" అనే అర్థంలో ఫ్రెంచ్‌వాళ్లు "కావ్ నుంచి అటక దాకా" అంటారు. అంటే ఇల్లు మొత్తం అని. ఇంటికి అటక ఒక కొసైతే కావ్ రెండో కొస.

మరి గుహని ఏమంటారు

గుహకి మామూలు మాట గ్రొత్. ప్రకృతి తొలిచిన బోలు అది, మనిషి తవ్వింది కాదు. 1940లో నలుగురు కుర్రాళ్ల కంటబడిన లాస్కో, 1994 డిసెంబర్‌లో బయటపడిన షోవే, ఆదిమానవుల బొమ్మలున్న ఇవన్నీ గ్రొత్‌లే. మన బొర్రా గుహలైనా బెలుం గుహలైనా ఫ్రెంచ్‌లో చెప్పాలంటే గ్రొత్ అనే అనాలి. "బొర్రా కావ్‌లు" అని రాస్తే ఫ్రెంచ్‌వాడు అరకులో ఎవరో వైన్ దాచే గదులు కట్టారు కాబోలు అనుకుంటాడు. అనువాదాల్లో ఎక్కువగా దొర్లే తప్పు ఇదే.

కవెర్న్ అనే ఇంకో మాట ఉంది. అది కూడా గుహే, కానీ కాస్త పెద్దది, చీకటిగా, భయం గొలిపేది. ప్లేటో చెప్పిన గుహ కథని ఫ్రెంచ్‌లో కవెర్న్ కథ అంటారు, గ్రొత్ కథ అనరు. అలీబాబా గుహ కూడా కవెర్నే. సరుకుతో కిక్కిరిసిపోయి ఏ మూల చూసినా ఏదో ఒకటి దొరికే దుకాణాన్ని ఇప్పటికీ "అలీబాబా కవెర్న్" అని మెచ్చుకుంటారు.

పైనుంచి బావిలా నిట్టనిలువుగా దిగే బిలాన్ని గూఫ్ర్ అంటారు. దక్షిణాదిన సున్నపురాయి పీఠభూముల్లో దాన్నే అవెన్ అంటారు. లోత్ అనే ప్రాంతంలో ఉన్న పదిరాక్ గూఫ్ర్ సుమారు 75 మీటర్ల లోతు, అడుగున ఒక నది. ఎదువార్ ఆల్ఫ్రెద్ మార్తెల్ 1889లో అందులోకి దిగాడు. గుహల్ని శాస్త్రంగా పరిశీలించడం ఫ్రాన్స్‌లో ఊపందుకున్నది ఆయన వల్లే.

మూలాలు చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. కావ్, కవెర్న్ రెండూ బోలు అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చాయి. గ్రొత్ అయితే ఇటాలియన్ మీదుగా వచ్చింది, దాని వెనక దాచినది, మరుగున ఉన్నది అనే అర్థమున్న గ్రీకు మాట ఉంది. చర్చి కింద ఉండే క్రిప్త్ కూడా ఆ గ్రీకు మాట సంతానమే. అంటే పుట్టుకలో గ్రొత్‌కి దగ్గర చుట్టం క్రిప్త్, కావ్ కాదు. ఇంగ్లిష్‌వాళ్లు పాత ఫ్రెంచ్ నుంచి కావ్‌ని తీసుకుని గుహకి పెట్టుకున్నారు. ఫ్రెంచ్‌వాళ్లేమో కాలక్రమంలో దాన్ని ఇంటి కిందికి తెచ్చుకున్నారు. ఒకే మాట రెండు భాషల్లో రెండు దారులు పట్టింది.

సూసోల్: ఇక్కడ మాట తేడా వస్తే లక్షల తేడా వస్తుంది

సూసోల్ అంటే నేల అడుగు. ఇది చోటుని మాత్రమే చెబుతుంది, వాడకం గురించి ఏమీ చెప్పదు. లిఫ్టులో మైనస్ ఒకటి, మైనస్ రెండు అని ఉండే అంతస్తులన్నీ సూసోల్‌లే. అక్కడ కావ్‌లు ఉండొచ్చు, పార్కింగ్ ఉండొచ్చు, బట్టలుతికే గది ఉండొచ్చు, షాపు గిడ్డంగి ఉండొచ్చు. కావ్ చాలావరకు సూసోల్‌లో ఉంటుంది, కానీ సూసోల్ అంతా కావ్ కాదు. మన అపార్ట్‌మెంట్ సెల్లార్‌ని ఫ్రెంచ్‌లో చెప్పాలంటే సూసోల్‌లో పార్కింగ్ అనాలి.

సూసోల్‌కి ఇంకో పెద్ద అర్థం భూగర్భం. "మా దేశపు సూసోల్‌లో సంపద ఉంది" అంటే ఖనిజాలున్నాయని. ఫ్రెంచ్ సివిల్ కోడ్ 552వ అధికరణ ప్రకారం నేల ఎవరిదో దాని పైదీ కిందిదీ వాళ్లదే. ఖనిజాలకు వేరే చట్టాలున్నాయి గానీ ఇంటి కింద కావ్ తవ్వుకునే హక్కు మూలం అదే.

ఇప్పుడు డబ్బు సంగతి. ఉమ్మడి భవనంలో ఫ్లాట్ అమ్మేటప్పుడు దాని విస్తీర్ణం ఎంతో పత్రంలో రాసి తీరాలని 1996లో ఒక చట్టం వచ్చింది, లువా కారెజ్ అంటారు. ఆ లెక్కలో కావ్, గరాజ్, పార్కింగ్ స్థలం కలపకూడదు. ఎత్తు 1.80 మీటర్ల కంటే తక్కువున్న భాగాన్నీ కలపకూడదు. అయితే కావ్ కాని సూసోల్ గదిని కలపొద్దని అందులో లేదు. అసలు చిక్కంతా ఇక్కడే.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. కింది అంతస్తులో 40 చదరపు మీటర్ల ఇల్లు, దాని అడుగున లోపలి మెట్లతో కలిపిన 15 చదరపు మీటర్ల గది. ఇలాంటి ఇళ్లకి ఈమధ్య సూప్లెక్స్ అనే కొత్త పేరు పుట్టింది, డ్యూప్లెక్స్ కిందికి పోతే సూప్లెక్స్. అమ్మినాయన 55 చదరపు మీటర్లని రాసి 5,50,000 యూరోలకు అమ్మాడు. కొన్నాయన తర్వాత భవనం పాత నిబంధనల పుస్తకం తిరగేస్తే ఆ 15 మీటర్ల గది "కావ్ నంబర్ ఇంత" అని ఉంది. కావ్ అయితే లెక్కలోకి రాదు, అసలు విస్తీర్ణం 40 మాత్రమే. రాసినదానికంటే ఇరవయ్యో వంతుకు మించి తక్కువ తేలితే కొన్నవాళ్లు ఏడాదిలోపు ధర తగ్గించమని కోర్టుకి వెళ్లొచ్చు. ఇక్కడ తగ్గింపు దామాషా ప్రకారం 1,50,000 యూరోలు.

రెండు వాదనలకూ బలం ఉంది. కాగితం మీద కావ్ అని ఉంది కాబట్టి కావే అని ఒకరంటారు. గోడలకు ప్లాస్టర్ చేసి, గచ్చు వేసి, కరెంటు పెట్టి, ఇంట్లోంచే మెట్లు వేశాక దాన్ని ఇంకా కావ్ అని ఎలా అంటారని రెండోవాళ్లు. ఫ్రెంచ్ కోర్టులు ఇలాంటి కేసుల్లో అమ్మిన రోజున ఆ గది వాస్తవంగా ఎలా ఉందో చూస్తూ వచ్చాయి, పాత కాగితంలో పేరు ఒక్కటే పట్టుకుని తేల్చలేదు. నాకిది సబబుగానే అనిపిస్తుంది, ఎందుకంటే కావ్ వాడకాన్ని చెప్పే మాట, వాడకం మారితే మాటా మారాలి.

అద్దెకుండేవాళ్ల విషయంలో మాత్రం చట్టం గట్టిగా ఉంది. కావ్‌లు, సూసోల్‌లు, బయటికి కిటికీ లేని గదులు, ఇలాంటి నివాసయోగ్యం కాని చోట్లను కాపురానికి ఇవ్వకూడదని ప్రజారోగ్య చట్టమే చెబుతుంది, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా సరే. చవగ్గా వస్తోందని కావ్‌ని గదిగా చూపించేవాళ్లు పెద్ద ఊళ్లలో తగులుతూనే ఉంటారు, కొత్తగా దిగిన విద్యార్థులే వాళ్లకు దొరుకుతారు. ప్రకటనలో "సూసోల్‌లో స్టూడియో" అని కనబడితే కిటికీ ఏ వైపుందనేది మొదటి ప్రశ్న.

వైన్ వెంట నేల మీదికి వచ్చిన మాట

కావ్ అర్థం ఇంతగా పెరగడానికి కారణం వైన్. సీసాలో ఉన్న వైన్‌కి ఎండ తగలకూడదు, వేడి మారుతూ ఉండకూడదు. నేల కింద వేసవైనా చలికాలమైనా దాదాపు ఒకే చల్లదనం, ఇంచుమించు 10 నుంచి 14 డిగ్రీలు. అందుకని వైన్ ఉండాల్సిన చోటు కావ్ అయింది, క్రమంగా వైన్ ఉన్న చోటల్లా కావ్ అయింది.

షాంపేన్ ప్రాంతంలో రెంస్ పట్టణం కింద సుద్దరాయి తవ్విన పాత గుంతలున్నాయి, క్రేయేర్ అంటారు. పైన ఇరుకుగా మొదలై కిందికి పోయేకొద్దీ విశాలమవుతాయి, కొన్ని 30 మీటర్ల లోతు దాకా ఉంటాయి. రాయి కోసం తవ్విన ఆ గుంతల్ని తర్వాత షాంపేన్ కంపెనీలు కావ్‌లుగా మార్చుకున్నాయి. షాంపేన్‌లో బుడగలు వచ్చేది సీసాలో జరిగే రెండో పులియడం వల్ల, ఆ సీసాలు కనీసం 15 నెలలు అక్కడ పడుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో రెంస్ మీద ఫిరంగులు కురుస్తుంటే జనం ఈ కావ్‌లలోనే తలదాచుకున్నారు, పిల్లలకు బడులు కూడా అక్కడే నడిపారు. 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు పేరులోనే "షాంపేన్ కొండవాలులు, సంస్థలు, కావ్‌లు" అని పెట్టారు. చూడండి, తవ్వినప్పుడు అది గని, సీసాలు దిగాక కావ్. రాయీ లోతూ అవే, పని మారింది కాబట్టి పేరు మారింది.

బోర్దోలో ఇంకో తీరు. అక్కడ చాలాచోట్ల నీరు పైపైనే ఉండటంతో లోతుగా తవ్వడం కష్టం, అందుకని పీపాల్ని నేల మీదే మందపాటి గోడల కట్టడాల్లో ఉంచుతారు, దాన్ని షే అంటారు. ఇంట్లో వంటగదికి ఆనుకుని సరుకులూ సీసాలూ పెట్టుకునే చల్లటి గదిని సెల్యే అంటారు, అదీ నేల మట్టానికే. మనవాళ్ల స్టోర్ రూమ్ లాంటిదే.

దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌దోక్‌లో మాత్రం కావ్ అనే మాట పూర్తిగా నేల మీదికి వచ్చేసింది. బెజియే దగ్గర మరోసాన్ అనే ఊళ్లో చిన్న రైతులు 1901లో సహకార సంఘం పెట్టుకున్నారు, కొన్నేళ్లకు సొంత కట్టడం లేపారు, 1905లో సోషలిస్టు నాయకుడు జాన్ జోరెస్ వాళ్లను చూడటానికి వచ్చాడు. ఆ తర్వాత దక్షిణాదిన ఊరూరా ఇలాంటివి లేచాయి, వాటి పేరు కావ్ కోపెరతీవ్. రైల్వే స్టేషనంత భవనాలు, లోపల పెద్దపెద్ద తొట్లు, అంతా నేల పైనే. రైతు ద్రాక్ష పోసేది అక్కడ, వైన్ తయారయ్యేది అక్కడ. నేల కింద ఒక్క అడుగు లేకపోయినా అది కావే.

ఊళ్లో వీధి మీద వైన్ అమ్మే దుకాణం కూడా కావ్, అమ్మే మనిషి కవిస్త్. వంటింట్లో ఫ్రిజ్ పక్కన నిలబెట్టే వైన్ అల్మరా కూడా కావ్. పొగతాగే చుట్టలు ఎండిపోకుండా దాచే పెట్టెనీ కావ్ అంటారు. "ఆయనకి మంచి కావ్ ఉంది" అంటే గది బాగుందని కాదు, ఆయన దగ్గరున్న సీసాల సేకరణ గొప్పదని.

రోక్‌ఫోర్, లువార్: గుహా, కావా అనేది తేలని చోట్లు

అన్నీ ఇంత తేలిగ్గా విడదీయలేం. దక్షిణాదిన రోక్‌ఫోర్ సుర్ సుల్జోన్ అనే ఊళ్లో కోంబలూ కొండ ఒక పక్క ఎప్పుడో విరిగిపడి, బండల మధ్య ప్రకృతి సిద్ధమైన బోలులు ఏర్పడ్డాయి. వాటిలోకి కొండ పగుళ్ల గుండా తేమగా చల్లటి గాలి వస్తుంది, ఆ పగుళ్లని ఫ్లరిన్ అంటారు. రోక్‌ఫోర్ జున్ను, అంటే గొర్రెపాల చీజ్, లోపల నీలి బూజు పట్టి పండేది ఆ గాలిలోనే. పుట్టుకని బట్టి అయితే గ్రొత్ అనాలి. కానీ జున్ను పండించడానికి వాడుతున్నారు, లోపల అంతస్తులు కట్టి చెక్క బల్లలు పరిచారు, కాబట్టి అందరూ కావ్ అంటారు. 1411లోనే రాజు ఆరో చార్ల్ ఆ ఊరివాళ్లకు జున్ను పండించే హక్కు రాసిచ్చాడు, 1925 చట్టంతో రోక్‌ఫోర్ పేరుకి రక్షణ వచ్చింది. ఇప్పటికీ ఆ కొండ కావ్‌లలో పండకపోతే ఆ పేరు పెట్టుకోకూడదు. ప్రకృతి చేసిందా మనిషి చేశాడా అని ఎవరైనా అడిగితే సగం సగం అనే జవాబు, రెండు మాటలకూ చోటుంది.

లువార్ నది వెంబడి సోమూర్ చుట్టుపక్కల ఇంకో వింత. అక్కడి తుఫో అనే మెత్తటి తెల్లరాయిని తవ్వి కోటలు కట్టారు, తవ్వగా మిగిలిన బోలుల్లో జనం కాపురాలు పెట్టారు. వాటిని "కాపురపు కావ్‌లు" అనే అర్థంలో కావ్ దమరాంత్ అనేవాళ్లు. ముందు ముఖద్వారం, కిటికీ, పొగగొట్టం అన్నీ ఉంటాయి, వెనక ఇల్లంతా కొండలో. కావ్‌లో ఎవరూ కాపురముండరని పైన చెప్పానే, ఆ మాట ఇక్కడ చెల్లదు. ఆ ప్రాంతంలో ఇప్పటికీ కొన్ని కావ్‌లలో వైన్, కొన్నిటిలో పుట్టగొడుగులు.

పారిస్ అడుగున ఉన్నది కతకోంబా, కారియేరా

పారిస్‌కి వెళ్లినవాళ్లు ఎముకల గోడల ఫొటోలు పెడుతుంటారు కదా, దాన్ని కతకోంబ్ అంటారు. అవి మొదట రాతి గనులు, ఫ్రెంచ్‌లో కారియేర్. ఊరు కట్టిన సున్నపురాయిలో చాలాభాగం ఊరి కిందనుంచే వచ్చింది. 1774లో ఒక వీధి కుంగిపోయింది, 1777లో గనుల తనిఖీకి ప్రత్యేక శాఖ పెట్టారు, షార్ల్ అక్సెల్ గియోమో అనే ఇంజినీరు స్తంభాలు కట్టించి ఊరిని నిలబెట్టే పని మొదలుపెట్టాడు.

ఎముకలు అక్కడికి చేరడానికి కారణం మాత్రం ఒక కావ్. ఊరి నడిబొడ్డున ఇన్నొసాన్ శ్మశానం శతాబ్దాలుగా నిండిపోయి ఉంది. 1780లో దాని పక్కింటి కావ్ గోడ శ్మశానం బరువుకి కూలి, శవాలు లోపలికి వచ్చిపడ్డాయి. శ్మశానం మూసేశారు. కొన్నేళ్లకు, రాత్రిళ్లు బళ్ల మీద ఎముకల్ని ఈ పాత గనులకి తరలించారు, 1786 ఏప్రిల్‌లో ఆ చోటుని మతపరంగా పవిత్రం చేశారు. రోమ్‌లో తొలి క్రైస్తవుల భూగర్భ శ్మశానాల పేరు తెచ్చి దీనికీ పెట్టారు. అక్కడ 60 లక్షల మందికి పైగా అవశేషాలున్నాయని అంచనా.

గొడవ ఎక్కడంటే, పారిస్ కింద పాత గనుల సొరంగాలు మొత్తం 300 కిలోమీటర్ల దాకా ఉంటాయి, అందులో జనం టిక్కెట్టు కొని చూసేది ఒకటిన్నర కిలోమీటరు. ఎముకలున్న ఆ చిన్న భాగాన్నే కతకోంబ్ అనాలని, మిగతాది కారియేర్ అని చరిత్రకారులూ గనుల శాఖవాళ్లూ పట్టుబడతారు. అసలు అది కూడా ఎముకల గిడ్డంగే, సమాధులు లేవు కాబట్టి ఆ పేరే తప్పని ఇంకొందరు. కానీ 1955 నుంచి నిషేధమున్నా ఆ సొరంగాల్లోకి దిగేవాళ్లని ఊరంతా కతఫిల్ అనే పిలుస్తుంది, వాళ్లు కూడా మొత్తాన్నీ "కత" అనే అంటారు. వాడుకలో ఎవరు గెలిచారో చూస్తే కతకోంబే గెలిచింది. రాసేటప్పుడు మాత్రం తేడా చూపించడం మంచిది, లేకపోతే పారిస్ అడుగంతా ఎముకలే అనే భ్రమ కలుగుతుంది.

వీటన్నిటికీ కలిపి వాడదగ్గ మాట సూతెరెన్. నామవాచకంగా అయితే సొరంగం, విశేషణంగా అయితే నేల కిందున్నది ఏదైనా: సూతెరెన్ పార్కింగ్, సూతెరెన్ నీళ్లు, రోడ్డు కింద దాటే సూతెరెన్ దారి. చిన్న కావ్‌ని కవో అంటారు, అది ఎక్కువగా కుటుంబ సమాధి గదికి వాడతారు. అదే మాట పాటల క్లబ్బులకీ అతికింది: పారిస్‌లోని కవో ద లా యుషెత్ 1946 నుంచి జాజ్‌కి పేరు. యుద్ధం అయిపోయాక సెంజెర్మెన్ దె ప్రే పేటలో కుర్రకారు పాత రాతి కమానుల కింద తెల్లవార్లూ ఆడిపాడేవాళ్లు, 1947లో దోఫీన్ వీధిలో తెరిచిన తాబూ వాటిలో బాగా పేరు మోసింది. అక్కడి నాట్యగాళ్లని కావ్ ఎలుకలు అన్నారు. అంతకుముందు ఆ పేరు వైన్ గిడ్డంగులు తనిఖీ చేసే పన్ను ఉద్యోగులది, కావ్‌లోకి దిగేటప్పుడు పట్టుకునే, తాడులా చుట్టిన సన్నటి కొవ్వొత్తిదీ.

నేలతో సంబంధం లేని కావ్‌లు

ఇంకొన్ని కావ్‌లకి గదితో పనే లేదు. గుండెకి రక్తం తెచ్చే మహాసిరని మన మెడికోలు వీనా కావా అంటారు కదా, ఫ్రెంచ్‌లో అది వెన్ కావ్. ఇక్కడ కావ్ విశేషణం, బోలుగా ఉన్నది అని. గుంటలు పడ్డ కళ్లని కూడా కావ్ కళ్లు అనొచ్చు, కాస్త పుస్తక భాష. పేకాటలో కూర్చోవడానికి ముందు పెట్టే డబ్బు కావ్. అది ఊడ్చుకుపోయినవాడు దెకవే, ఈ మాట ఆట బయట కూడా ఉన్నదంతా పోగొట్టుకున్నవాడికి వాడతారు.

లింగం మారితే అర్థం మారిపోతుంది. స్త్రీలింగంలో "లా కావ్" నేలమాళిగ. పుంలింగంలో "ల కావ్" అంటే పాత పారిస్ దొంగల భాషలో తమ ముఠావాడు కానివాడు, ఒళ్లొంచి పనిచేసుకుని బతికేవాడు, తేలిగ్గా మోసపోయేవాడు. ఇది నేలమాళిగ నుంచి రాలేదని, మోసగించడం అనే అర్థమున్న క్రియ నుంచి వచ్చిందని ఎక్కువమంది నిఘంటుకారులు వేరే మాటగా చూపిస్తారు. ఫ్రాన్స్‌లో ఇప్పుడు ఇది పాతబడింది.

కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడే కెబెక్‌లో మాత్రం నిక్షేపంగా బతికే ఉంది. మాంట్రియల్‌లో చదువుకుంటున్న మన పిల్లలు రోజూ వినే మాట ఇది, అక్కడ కావ్ అంటే తెలివితక్కువ, మొద్దు. ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకటే. "నన్ను కావ్ అనుకోకు" అంటే నా చెవిలో పువ్వు పెట్టకు అని. ఇంటి అడుగున ఉన్న భాగానికి వస్తే, బాగు చేసి సోఫా టీవీ పెట్టుకుంటే సూసోల్, బాయిలరూ పాత సామానూ ఉంటే కావ్. అద్దె ప్రకటనల్లో ఎక్కువగా కనబడేది దెమి సూసోల్, సగం నేలలో సగం పైన ఉండే ఇల్లు, పైభాగంలో కిటికీలుంటాయి, అద్దె కాస్త తక్కువ, మంచు కురిస్తే కిటికీ సగం మూసుకుపోతుంది. అక్కడ అది కాపురానికి మామూలే, దాన్ని చూసి ఫ్రాన్స్ చట్టం గుర్తు చేసుకుని కంగారుపడక్కర్లేదు. ఇంటి ఓనర్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం "కావ్ చూపిస్తారా" అని స్త్రీలింగంలో "లా" పెట్టి అడగండి. "ల కావ్ ఎక్కడ" అంటే మొద్దు ఎక్కడున్నాడని అడిగినట్టు వినబడుతుంది.